ఖాళీ పీట

మా వేటపాలెంలో పేరయ్య గారి జీడిపప్పు బట్టీ ఒకటి ఉండేది. అందులో నూట ముప్పై మంది ఆడవాళ్లం పనిచేసేవాళ్లం. అక్కడి హాజరు పుస్తకాలు ఎన్నేళ్లవి తిరగేసినా, ఒక్క మనిషి కాన్పుకు వెళ్లిన జాడ కనబడేది కాదు. సాయంత్రం బెల్లు కొట్టేసరికి మాత్రం గేటు బయట పాతిక మంది పిల్లలు ముక్కులు ఎగబీలుస్తూ అమ్మల కోసం నిలబడి ఉండేవాళ్లు. వాళ్లంతా ఎప్పుడు పుట్టారో ఆ పుస్తకాలనే అడగాలి.

ఈ వింత నా బుర్రకు తట్టింది రెండు వేల రెండో సంవత్సరం ఎండాకాలంలో. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. పెళ్లయి ఏడాదిన్నర, కడుపులో ఏడో నెల. ప్రత్తిపాడులో పదో తరగతి దాకా చదువుకున్నాను. పకోడీ పొట్లం విప్పినా ముందు కాగితం చదివి, ఆ తర్వాతే పకోడీ నోట్లో వేసుకునేదాన్ని. బట్టీలో నా పక్క పీట మీద కూర్చునే వెంకటరావమ్మ నన్ను ప్రశ్నల పెట్టె అని పిలిచేది. మా అత్త ఖాదర్‌బీ ఇంకో పేరు పెట్టింది గానీ, అది కోపంలో పెట్టిన పేరు కాబట్టి వదిలేద్దాం.

శివరాత్రి వెళ్లిన వారం, ఒంగోలు లేబర్ ఆఫీసు నుంచి తనిఖీకి వస్తున్నారన్నారు. ఏటా అంతే. ముందు కబురొస్తుంది, దాని వెనకే సున్నం బకెట్లు వస్తాయి, అవి ఆరాక తనిఖీ వస్తుంది. గుమస్తా త్రినాథ్ నన్ను పిలిచి, నువ్వు బరువులు మోయలేవు కదా, గోదాములో ఒక బోర్డు ఉంది, దాన్ని తుడిచిపెట్టమన్నాడు. గింజల బస్తాల వెనక, గోడవైపు మొహం పెట్టి ఉంది ఆ రేకు బోర్డు. తడిగుడ్డ వేసి రుద్దుతుంటే తెలుగు అక్షరాలు ఒక్కో వరసే బయటపడ్డాయి. తుడవడం మానేసి అక్కడే బస్తా మీద కూర్చుని చదివాను.

ప్రసూతి సౌకర్యాల చట్టం అని పైన రాసి ఉంది. ఏడాదిలో ఎనభై రోజులు పనిచేసిన ఆడమనిషికి కాన్పు కోసం పన్నెండు వారాల సెలవట. ఆ రోజులకూ కూలి కట్టివ్వాలట. అందులో ఆరు వారాల వరకూ కాన్పుకు ముందే తీసుకోవచ్చట. సెలవులో ఉన్న మనిషిని పనిలోంచి తీసేయకూడదట. తిరిగొచ్చాక బిడ్డకు పదిహేను నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకు రెండుసార్లు విడుపు ఇవ్వాలట. ఇదేదో వేరే దేశంలో బోర్డు పొరపాటున మా గోదాములోకి వచ్చిందేమో అనిపించింది. రెండోసారి చదివాను. కింద ఒంగోలు ఆఫీసు చిరునామా కూడా ఉంది.

ఇది ఎవరికండీ అని త్రినాథ్‌ను అడిగాను.

"ఎవరికేంటమ్మా, గోడకి" అన్నాడతను. "ఆఫీసరు గారొచ్చి బోర్డు ఉందా అని చూస్తారు. ఉంటది. వెళ్లిపోతారు. మళ్లీ లోపల పెట్టేస్తాం, ఎండకి రంగు పోద్దని."

అతను వెటకారం చేయలేదు. ఉన్నమాటే చెప్పాడు. ఆ ఏడు కూడా అలాగే జరిగింది, బోర్డు ఒక పూట గోడెక్కి మళ్లీ బస్తాల వెనక్కు పోయింది. కానీ అది నా కళ్లలోంచి పోలేదు.

మా బట్టీలో పీట కాయడం అని ఒక ఆనవాయితీ ఉంది. ఒక్కో మనిషికి ఒక చెక్కపీట, దాని ముందు ఒక నల్లరాయి, చేతిలో ఒక కొయ్య సుత్తి. కాల్చిన గింజను రాయి మీద పెట్టి, పప్పు విరక్కుండా కొట్టాలి. పీట నాలుగు రోజులు ఖాళీగా ఉంటే ఐదో రోజు దాని మీద వేరే మనిషి కూర్చునేది, ఇక ఆ పీట ఆమెదే. అందుకని ఎవరికి నెలలు నిండినా వాళ్ల అమ్మో అత్తో చెల్లెలో వచ్చి ఆ పీట మీద కూర్చునేది. పుస్తకంలో మాత్రం పాత పేరే నడిచేది. పని పోదు, పేరు పోదు. కాన్పు మాత్రం ఎక్కడా కనబడదు.

మా అత్త ఆ పీట మీద ఇరవై ఆరేళ్లు కూర్చుంది. మోకాళ్లు అరిగిపోయాయి, ఇక కింద కూర్చునే పని పెట్టుకోవద్దని చీరాల డాక్టరు గట్టిగా చెప్పాక, నన్ను దాని మీద కూర్చోబెట్టి ఆమె ఇంటిపట్టున ఉంటోంది. ఇప్పుడు నా కాన్పుకు మళ్లీ ఆమే పీట కాయాలి, వేరే దిక్కు లేదు. మా అమ్మ పోయింది కాబట్టి ప్రత్తిపాడులో పుట్టిల్లన్న మాటే గానీ, నీళ్లు కాచి పోసే చెయ్యి లేదు. నాకు పురుడు పోయాల్సిందీ అత్తే, నా పీట కాయాల్సిందీ అత్తే. ఆ బోర్డు నిజమైతే అత్త ఇంట్లో ఉంటుంది. నాకు కావలసింది అంతే.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర ఈ సంగతి ఎత్తాను. మా ఆయన నాగూర్ వలి చీరాలలో మూడు మిషన్ల దర్జీ కొట్టులో జాకెట్లు కుట్టేవాడు. అంతా విని, మగాళ్లకేమన్నా రాసుందా అని అడిగాడు. లేదన్నాను. కేంద్ర సర్కారు వాళ్లకైతే ఉందట, చీరాల పోస్టాఫీసులో గుమస్తాకు భార్య ప్రసవిస్తే పదిహేను రోజులు సెలవిచ్చారట, కొట్టులో చెప్పుకుంటున్నారు అన్నాడు.

"పెళ్లాం బిడ్డను కంటే ఈయనకు సెలవా?" అంది అత్త. "ఏం చేశాడంటరా పదిహేను రోజులు?"

"పిల్లాణ్ని ఎత్తుకున్నాడంట."

అత్తకు పొలమారింది. నవ్వి నవ్వి మంచినీళ్లు తాగి, మళ్లీ నవ్వింది. ఆ తర్వాత నా వైపు తిరిగి నవ్వు ఆపేసింది. "కొట్ల మీద అప్పు రేపు అని రాస్తారు. రేపు పోతే ఇస్తన్నారా? బోర్డు మీద మాటలు నమ్ముకుని పీట పోగొట్టకే అమ్మాయ్. నేను కూర్చుంటాలే."

ఏప్రిల్ నెల సగం గడిచాక నేనే పేరయ్య గారి గదికి వెళ్లాను. ఆయన చెడ్డవాడు కాదు. ఎండల్లో మజ్జిగ పోయించేవాడు, వేళ్లు పొక్కితే మందు తెప్పించేవాడు. పన్నెండు వారాల సెలవు కావాలని నేను అడిగితే ఆయనకు కోపం రాలేదు, ఆశ్చర్యం వచ్చింది.

"సెలవెందుకమ్మా? మీ అత్తను కూర్చోమను" అన్నాడు. "మా నాయన కాలం నుంచీ కాన్పుకెళ్లిన ఏ ఆడమనిషి పీటా మేం తియ్యలా. ఈ చుట్టుపక్కల ఇంకే బట్టీలో అన్నా ఉందా ఇట్టాంటి మర్యాద?"

లేదు, ఆ మాట నిజమే. మిగతా చోట్ల కడుపు కనబడితే చాలు, రేపట్నుంచి రావద్దనేవాళ్లు. మా అత్త మోకాళ్ల సంగతి చెప్పాను. పాపం అన్నాడు, అని ఊరుకోకుండా ఆమె కింద వేసుకోవడానికి ఒక గోనెపట్టా ఇప్పిస్తానన్నాడు. బోర్డు సంగతి ఎత్తాను. పెట్టమన్నారు కాబట్టి పెట్టామన్నాడు. బయట లారీలోంచి కొత్త గింజల బస్తాలు దిగుతున్నాయి. ఆయన కళ్లు అటే ఉన్నాయి, సీజను మొదలైపోయింది.

ఇంటికొచ్చి ఒక కార్డు ముక్క తీసుకుని ఒంగోలు ఆఫీసుకు రాశాను. ఫిర్యాదు చేయడం నాకు తెలియదు, అడగడం తెలుసు. "అయ్యా, మా బట్టీలో నూట ముప్పై మంది ఆడవాళ్లం ఉన్నాం. మా గోదాములో ఉన్న బోర్డు మీద రాసింది మాకేనా? మాకు కాకపోతే ఎవరికో తెలియజేయగలరు." కింద పేరు, ఊరు రాసి డబ్బాలో వేశాను. అత్తకు చెప్పలేదు.

ఏప్రిల్ ఇరవై తొమ్మిదిన అత్త పీట ఎక్కింది. మొదటి రోజే ఒక పేచీ వచ్చిందట. త్రినాథ్ నా వరసలో నా సంతకం తనే గీకబోతే అత్త పుస్తకం మీద చెయ్యి అడ్డం పెట్టిందట. కోడలి సంతకం ఇంకొకరు పెడితే దొంగతనం అవుతుంది, కూర్చున్నది నేను, నా వేలే వేస్తానందట. సరే నీ ఇష్టమని అతను సిరా డబ్బా జరిపాడు. అప్పటి నుంచీ నస్రత్ అన్న నా పేరు పక్కన రోజూ మా అత్త బొటనవేలు పడుతూ వచ్చింది.

మే ఇరవై ఎనిమిదిన, రోహిణి ఎండల్లో, చీరాల ఆసుపత్రిలో నాకు ఆడపిల్ల పుట్టింది. ఆ ఒక్క మధ్యాహ్నం సగం పూట అత్త వచ్చి చూసి వెళ్లింది. మూడో రోజు నన్ను ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టి, చెంబుతో నీళ్లు అందేలా పెట్టి, బెల్లు వేళకు బట్టీకి వెళ్లిపోయింది. వలి కొట్టుకు వెళ్లాడు. ఇంట్లో నేనూ, చేతిలో మూడు రోజుల పిల్ల. అది ఎందుకేడుస్తోందో నాకు తెలియదు, అడగడానికి మనిషి లేదు. దానితో పాటు నేనూ ఏడ్చాను.

సాయంత్రం అత్త గోడ పట్టుకుని నడుస్తూ వచ్చేది. వచ్చి మంచానికి రెండడుగుల దూరంలో ఆగిపోయేది. జీడిసొన పసిదాని ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతాయి. బూడిద రాసి, ఆముదం రాసి ఎంత కడిగినా ఆ నలుపు ఒక రాత్రిలో పోదు, తెల్లారితే మళ్లీ అదే సొన. అందుకని చేతులు రెండూ వెనక పెట్టుకుని, వంగి, పిల్లను చూసేది. "కళ్లు వలివే" అనేది. ఒకరోజు "గడ్డం నాదేనే" అంది. పదిహేడు రోజులు అలా చూసిందే గానీ ఒక్కసారి ఎత్తుకోలేదు. పీట కాస్తున్నది నా కోసమేనని తెలిసి కూడా, ఆ పీట మీద నాకు మంటగా ఉండేది.

జూన్ పద్నాలుగున పదకొండు గంటలకు త్రినాథ్ సైకిలు మీద ఆయాసపడుతూ వచ్చాడు. కబురు లేకుండా, సున్నాలు వేయకుండా ఒంగోలు నుంచి ఆఫీసరమ్మ దిగిందట, చేతిలో నేను రాసిన కార్డు ఉందట, నన్ను తీసుకురమ్మందట. నలభై రోజులు నిండకుండా గడప దాటకూడదంటారు మా వాళ్లు. పిల్లకు గుడ్డ చుట్టి ఎత్తుకుని దాటేశాను. కార్డుకు జవాబు మనిషి రూపంలో వస్తుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

ఆవిడ పేరు దేవకుమారి. నలభై దాటిన మనిషి, నిదానంగా మాట్లాడేది. కొట్టుడు షెడ్డు మధ్యలో కుర్చీ వేసుకుని ఒళ్లో హాజరు పుస్తకం పెట్టుకుంది. సుత్తులన్నీ ఆగిపోయాయి. పేరయ్య గారు పక్కనే నిలబడి ఉన్నాడు. నాకు ఇంకో కుర్చీ తెప్పించి కూర్చోబెట్టాక, మే ఇరవై ఎనిమిదో తేదీన నువ్వెక్కడున్నావమ్మా అని అడిగింది.

"చీరాల ఆసుపత్రిలోనండి. ఆ రోజే ఈ పిల్ల పుట్టింది."

"ఇందులో చూస్తే ఆ రోజు నువ్వు పదిహేను కేజీల గింజలు కొట్టావు."

వెనక వరసల్లో కొంగులు నోటికి అడ్డం వెళ్లాయి. దేవకుమారి గారికీ నవ్వు వచ్చిందనుకుంటాను, కానీ ఆపుకుంది. పేజీ నా వైపు తిప్పింది. ఏప్రిల్ ఇరవై ఏడు దాకా నా సంతకం. ఆ తర్వాత వరసగా నీలం సిరాలో వేలిముద్రలు. వాటిల్లో ఒక్క గీత కూడా లేదు. ఇరవై ఆరేళ్ల జీడిసొన మా అత్త వేళ్ల మీద గీతలన్నీ తినేసింది.

"ఈ వేలు ఎవరిది?" అని అడిగింది.

వెంకటరావమ్మ తన రాయి వైపు చూసుకుంటోంది. అడిగింది నేను, ఆవిడను రప్పించింది నేను, ఇప్పుడు పిల్ల గుడ్డ సర్దుతూ తల దించుకున్నదీ నేనే. ఆ వేలు మా అత్తదంటే పరాయి పేరు మీద కూర్చున్న నేరం ఆమెది, కూర్చోబెట్టిన నేరం నాది. ఇద్దరి పనీ పోతుంది. ప్రశ్నలు అడగడం వల్ల ఇల్లు మునగవచ్చని అప్పుడు తెలిసింది నాకు.

అత్త పైకి లేచింది. రెండు చేతులూ రాయి మీద ఆన్చి, ఒక మోకాలు, తర్వాత రెండో మోకాలు, లేవడానికి చాలాసేపు పట్టింది. నల్లటి బొటనవేలు ముందుకు చాపింది.

"నాదేనమ్మా. అది ఆసుపత్రిలో ఉంది, నేను ఇక్కడున్నా. దాని సంతకం పెడతానంటే నేనే పడనియ్యలా, నా వేలే ఏశా. ఎవర్నన్నా తియ్యాలంటే నన్ను తియ్యండి. దాని పీట దానికి ఉంచండి."

దేవకుమారి గారు ఆ వేలి వైపు కాసేపు చూసి, నీ కాన్పులకు ఎవరు కూర్చున్నారని అడిగింది.

"మా అత్త. ముగ్గురికీ ఆమే."

"నాకు మా అక్క" అంది వెంకటరావమ్మ, ఎవరూ అడగకుండానే. ఆ వెనక ఎవరో మా అమ్మ అన్నారు. ఇంకెవరో, నాకు ఎవరూ లేక పదో రోజు నేనే వచ్చి కూర్చున్నానన్నారు. ఆ మాట ఒక వరసలోంచి ఇంకో వరసలోకి పాకింది. దేవకుమారి గారు మొదట రాసుకుంటోంది, తర్వాత కలం మూసి వింటూ కూర్చుంది. పేరయ్య గారు ఒక్కొక్కరి మొహం చూస్తున్నాడు. రోజూ చూసే మొహాలే.

"నేను ఎవర్నీ తియ్యలేదు మేడమ్" అన్నాడు చివరకు.

"తియ్యలేదండి. సెలవుకు పంపనూ లేదు."

ఆయన తన కష్టం తను చెప్పుకున్నాడు. సీజన్లో పీట ఖాళీగా ఉంటే గింజ నిలిచిపోతుంది. కొత్త మనిషిని కూర్చోబెడితే నస్రత్ తిరిగొచ్చాక ఆమెను ఎక్కడికి పొమ్మనాలి అని అడిగాడు. అది న్యాయమైన ప్రశ్నే, అందరం ఆవిడ వైపు చూశాం.

"ఇంకో పీట చేయించండి" అంది దేవకుమారి గారు. "చెక్కే కదా."

మూడు తరాల బట్టీలో ఆ మాట ఎవరికీ తట్టలేదు. అత్తకు తట్టలేదు, నాకూ తట్టలేదు. ఉన్న పీటలే ఉంటాయని, వాటి మీద మనుషులే మారుతూ ఉండాలని అందరం అనుకున్నాం.

ఆ మధ్యాహ్నం నా వరసలో వేలిముద్రలున్న రోజులన్నీ ఎర్ర సిరాతో కొట్టేసి, అత్త పేరు మీద వేరే పేజీ తెరిచి ఆ పని అందులో రాయించింది. నాకు ఏప్రిల్ ఇరవై తొమ్మిది నుంచి పన్నెండు వారాలు, కూలితో సెలవు. బోర్డును గోదాములోంచి తెప్పించి గేటు లోపల మేకు కొట్టించింది. ఈసారి తప్పు దిద్దించి వదిలేస్తున్నానని, మళ్లీ ఇలాగే కనిపిస్తే ఊరుకోనని పేరయ్య గారికి నెమ్మదిగానే చెప్పింది. వెళ్లేటప్పుడు నా కార్డు చూపించి, అర్జీలు చాలా వస్తాయి గానీ, మాకు కాకపోతే ఎవరికి అని అడిగినవాళ్లు లేరమ్మా అంది.

మర్నాటి నుంచి అత్త ఇంట్లో ఉంది. ఆముదం, బూడిద, మళ్లీ ఆముదం. రోజుకు పదిసార్లు చేతులు చూసుకునేది. ఐదో రోజు పొద్దున చేతులు నా మొహం ముందు పెట్టి, చూడు, పోయిందా అని అడిగింది. గోళ్ల సందుల్లో తప్ప పోయింది. గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చుంటే పిల్లను ఆమె ఒళ్లో పెట్టాను. అత్త రెండు చేతులతో పిల్లను పొదివి పట్టుకుంది. తర్వాత, బరువే ఉందే అంది, కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక భుజానికి రుద్దుకుంది. నాకూ కళ్ల నీళ్లు ఆగలేదు.

కానీ ఆమెకు నమ్మకం కుదరలేదు. రోజూ మధ్యాహ్నం బెల్లు వేళకు, వద్దంటున్నా వినకుండా, కర్ర పట్టుకుని రెండు వీధులు దాటి బట్టీకి వెళ్లేది. తిరిగొచ్చి చెంబెడు నీళ్లు తాగి "ఖాళీగానే ఉంది" అనేది. అంతకుమించి ఏమీ చెప్పేది కాదు. పేరయ్య గారు ఇంకో పీట చేయించలేదు, ఉన్న పీట మీద ఎవర్నీ కూర్చోనివ్వనూ లేదు. భయమో పంతమో, ఇంకేదన్నా ఆలోచనో, నాకు ఇప్పటికీ తెలియదు.

జూలై ఇరవై రెండు సోమవారం నేను బట్టీకి వెళ్లాను. పీట నేను వదిలిన చోటే ఉంది. దాని మీద దుమ్ము, బట్టీ బూడిద. ఆ షెడ్డులో పీట మీద దుమ్ము పట్టడం నేనెప్పుడూ చూడలేదు. వంగి చూస్తే ఆ దుమ్ములో వరసగా బొటనవేలి ముద్రలు. పాతవాటి మీద మళ్లీ దుమ్ము కమ్మి పల్చబడ్డాయి, చివరివి స్పష్టంగా ఉన్నాయి. దేనిలోనూ గీతలు లేవు. లెక్కపెట్టాను, ముప్పై ఒకటి. ఆదివారాలు లేవు.

తుడిచి కూర్చోమని వెంకటరావమ్మ గుడ్డ అందించింది. తుడవబుద్ధి కాలేదు. బెల్లు కొట్టేదాకా నిలబడి, ఆ తర్వాత తుడిచాను.

పది గంటలకు మొదటి విడుపు. అత్త పిల్లను ఎత్తుకుని గేటు దగ్గర, బోర్డు నీడన నిలబడి ఉంది. పాలిస్తూ అడిగాను, ఆ ముద్రలెందుకు వేశావు అత్తా అని.

"నా మూడు కాన్పులప్పుడూ అది ఒక్కరోజన్నా ఖాళీగా లేదే. ఖాళీగా ఉంటే ఎట్టా ఉంటదో చూద్దామని పోయేదాన్ని. చూసినట్టు గుర్తుండాలిగా."

"ఎట్టా ఉంది?"

అత్త షెడ్డు వైపు చూసింది. తర్వాత పిల్ల పాదం ఒకటి బొటనవేలితో నిమిరింది.

"బాగుంది" అంది.